నాలుగు ఓమ్‌ల అబద్ధం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే అంటే ఎవరూ నమ్మరు కాబట్టి, ఉన్నవాటిలో పెద్దది చెబుతాను. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. వినడానికి ఇదేదో సుగుణంలా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే మురిసిపోయాను. కాపురం ముదిరాక తెలిసిందేమిటంటే, అబద్ధమాడటం చేతకానంత మాత్రాన మనిషికి అబద్ధాలతో అవసరం తీరిపోదు. అవసరం పడ్డప్పుడల్లా ఆయన వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ "ఇదిగో, ఒక్కమాట" అంటారు. అంటే ఎవరికో ఏదో నేను చెప్పాలని అర్థం. బట్టలు మడతపెట్టడం, డబ్బాలు సర్దడం, అబద్ధాలాడటం, మా ఇంట్లో ఇవన్నీ ఇంటిపని కిందికే వస్తాయి.

మేం ఉండేది పై అంతస్తులో. కింద మా దుకాణం. కార్లలో పాటల సామాను బిగిస్తారు: స్పీకర్లు, వాటికి బలమిచ్చే యాంప్‌లు, డిక్కీలో కూర్చునే పెద్ద సబ్‌వూఫర్ పెట్టెలు. షట్టరు లోపల రెండు కార్లు పట్టే చోటు, గోడకు వైరు చుట్టలు, ఊడదీసి గోడకానించిన తలుపు అట్టలు, ఎప్పుడూ కాస్త తీగలు అతికించే సోల్డరు వాసన. కింద ఎవరైనా బేస్ పెంచితే పైన నా గాజు గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇన్నేళ్ళలో ఏ గ్లాసు కబుర్లపోగో కూడా నాకు తెలిసిపోయింది.

ఈ దుకాణానికి పునాది మా మామగారు. ఆయన అసలు మైకుసెట్ల మనిషి. సభలకీ సమావేశాలకీ మైకులు కట్టేవారు. మైదానాన్ని ఓసారి కలయజూసి, ఏ మూల నిలబడ్డవాడికి మాట వినపడదో ముందే చెప్పేసేవారట. 'అట' అని ఎందుకన్నానంటే, ఆ కథ చెప్పేదీ ఆయనే కాబట్టి. అయితే సాక్షులు లేకపోలేదు. ఇప్పటికీ కొందరు ముసలి పెద్దమనుషులు కారు తెచ్చి, "మీవాడు బిగిస్తే బిగించాడు గానీ, మీరొకసారి వినండి" అంటూంటారు.

అదే మా దుకాణం పద్ధతి. మామగారు వినకుండా కారు గడప దాటదు. పని అయ్యాక ఆయన కుర్చీలోంచి లేచి, డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని పాట పెడతారు. రెండు మూడు బుడిపెలు అటూ ఇటూ తిప్పుతారు. తర్వాత దిగుతారు. దిగి తలుపు మెల్లగా వేశారా, పని బాగుందన్నమాట. తలుపు బార్లా వదిలేసి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారా, మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలన్నమాట. నోటితో ఏమీ అనరు. జుట్టు నెరుస్తున్న మా ఆయన ఈ రోజుకీ ఆ తలుపు పడే చప్పుడు కోసం, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ కుర్రాడిలా ఎదురుచూస్తారు.

కొంతకాలంగా ఈ పద్ధతికి ఒక తెగులు పట్టింది. మామగారు తలుపు వేసిన కార్లు తిరిగి రాసాగాయి. అందరి మాటా ఒకటే: కీచుగా ఉంది, చెవిలో గుచ్చుకుంటోంది.

కారణం నాకూ మా ఆయనకూ తెలుసు. వయసు మీద పడ్డప్పుడు చెవి అన్ని శబ్దాలనూ ఒకేసారి వదులుకోదు. ముందు సన్నవాటిని జారవిడుస్తుంది. తాళాల గుత్తి గలగల, పళ్ళెం మీద చెంచా గీత, మాటలో 'స', 'ష'ల చివరలు. లావు శబ్దాలు మాత్రం నిలిచే ఉంటాయి. అందుకే కింద షట్టరు ధడేలుమంటే మామగారు "మెల్లగా వెయ్యరా" అని కసురుతారు, పక్కన నిలబడి నేను టీ అంటే మాత్రం "ఎవరు వచ్చారు?" అంటారు. పాటలో తనకు వినపడని ఆ సన్నదనం కోసం ఆయన ట్రెబుల్ బుడిపెను తిప్పి తిప్పి వెతుక్కునేవారు. అది ఆయనకు దొరికేసరికి మిగతావాళ్ళ పళ్ళు జివ్వుమనేవి.

ఈ సంగతి ఆయనతో ఎవరనాలి? ఆ చెవి మీదే నలుగురి నమ్మకం, దుకాణం పేరు, ఆయన కుర్చీ, అన్నీ ఆధారపడి ఉన్నాయి. చేతులు వణికి సోల్డరు వదిలేశారు. నడుం పట్టేసి డిక్కీలో వంగి పనిచెయ్యడం మానేశారు. మిగిలింది ఆ చివరి వినికిడి ఒక్కటే. దాన్ని కూడా తీసేస్తే ఆయన దుకాణంలో కూర్చోవడానికి వచ్చిన పెద్దమనిషి అవుతారు, అంతే.

అందుకని మా ఆయన రోడ్డు టెస్టు కనిపెట్టారు. మామగారు తలుపు వేశాక, కారును మలుపు దాకా తోలుకెళ్ళి, ఎవరూ చూడని చోట ఆపి, ట్రెబుల్ తగ్గించి తెచ్చేవారు. 'గతుకుల్లో ఎక్కడైనా గలగలమంటోందేమో చూడాలి కదండీ మావయ్యగారూ' అన్న సాకు నేను సమకూర్చాను. మనిషికి చెప్పడం కంటే కారుకి చెప్పడం తేలిక. మేం కారుకే చెబుతూ వచ్చాం.

ఇలా నడిచిపోతుండగా పళ్ళ డాక్టరుగారు వచ్చారు.

ఆయనకు బేస్ అంటే ఇష్టం. రెండు సబ్‌వూఫర్లు కావాలన్నారు. బిగింపు పూర్తయిన రోజున మా ఆయనకు జ్వరం. మామగారు విన్నారు, తలుపు మెల్లగా వేశారు, డాక్టరుగారు కారు తీసుకుని వెళ్ళిపోయారు. రోడ్డు టెస్టు జరగలేదు.

వారం తిరక్కుండానే డాక్టరుగారు మళ్ళీ వచ్చారు. మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చున్న మామగారి ముందు వంగి, "పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. రోజంతా పళ్ళు తొలిచే మిషను వింటాను. సాయంత్రం కారెక్కితే మళ్ళీ అదే మిషను వినపడుతోంది. ఈసారి తాళం వేస్తూ" అన్నారు.

మామగారు నొచ్చుకోలేదు. లేచి వెళ్ళి విన్నారు. వచ్చి తేల్చేశారు: పైన ఎక్కువై కాదు, కింద తక్కువై. బేస్ బలంగా ఉంటే పైది దానంతటదే ఒదుగుతుంది. కాబట్టి నాలుగు కాయిళ్ళూ కలిపి ప్యారలల్‌గా కట్టెయ్యమన్నారు.

ఇక్కడ కాస్త చదువు అవసరం. భయపడకండి, వంటింటి చదువే.

ఒక్కో సబ్‌వూఫర్లో రెండు కాయిళ్ళు ఉన్నాయి. ఒక్కో కాయిల్ నాలుగు ఓమ్‌లు. ఓమ్ అంటే కరెంటుకి అడ్డు. అడ్డు ఎంత తగ్గితే యాంప్ నుంచి అంత ఎక్కువ లాగుతుంది. యాంప్ అంటే నేననుకోండి, కాయిళ్ళంటే ఇంట్లో నలుగురు. వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు పిలిస్తే అది సీరీస్. నాకు హాయి, కానీ ఎవరి పనీ చురుగ్గా జరగదు. నలుగురూ నాలుగు గదుల్లోంచి ఒక్కసారే పిలిస్తే అది ప్యారలల్. కాసేపు పరుగెడతాను, తర్వాత తలుపు వేసుకుని పడుకుంటాను. యాంప్ కూడా అంతే. మోయలేని బరువు పడితే ఎర్ర దీపం వెలిగించుకుని ఆగిపోతుంది. ఆగకపోతే కాలిపోతుంది.

మా ఆయన కట్టింది మధ్యేమార్గం. ఒక్కో పెట్టెలో రెండు కాయిళ్ళను వరసలో పెట్టి ఎనిమిది చేశారు. ఆ రెండు ఎనిమిదులనూ పక్కపక్కన కలిపి నాలుగు చేశారు. మామగారు చెప్పినట్టు నాలుగు కాయిళ్ళూ ప్యారలల్‌గా కడితే అది ఒక ఓమ్ అవుతుంది. యాంప్ మీద లేబులు మాత్రం రెండుకు తగ్గరాదంటోంది. చిక్కంతా ఎక్కడంటే, ఆ రెండు పెట్టెలతో రెండు అన్న అంకె రాదు. ఎలా కలిపినా ఒకటి వస్తుంది, నాలుగు వస్తుంది, పదహారు వస్తుంది. సరిగ్గా సరిపోయేది మాత్రం రాదు.

మా ఆయన తండ్రితో ఈ మాట అన్నారు. అనడం అంటే, నేల చూస్తూ, లేబులు వైపు వేలు చూపించారు. మామగారు లేబులు వైపు చూడలేదు.

"ఆ లేబులు రాసినవాడు ఈ కారులో కూర్చున్నాడా? నేను కూర్చున్నాను. నాలుగు ఓమ్‌లకి కడితే యాంప్ సగం నిద్రలో ఉంటుంది. దాన్ని లేపరా."

ఆ మాటలో నిజం లేకపోలేదు. నాలుగుకి కడితే యాంప్ తన బలమంతా చూపించదు. అందుకే మా ఆయనకు ఎదురు చెప్పడం మరీ కష్టమైంది. పూర్తిగా తప్పు మాటనైతే ఎవరైనా కొట్టిపారేస్తారు. సగం నిజమైన మాటను, అదీ కన్నతండ్రి నోటినుంచి వచ్చినదాన్ని, ఎక్కడ పట్టుకుని ఆపాలి?

ఆయన పైకొచ్చారు. గుమ్మం దగ్గర నిలబడ్డారు. గుండీ తిప్పారు.

నేను గట్టు మీద నాలుగు చెంచాలు పేర్చుకుని లెక్క చూశాను. నాది ఫిజిక్సు డిగ్రీ. పెళ్ళయ్యాక దాన్ని కుక్కరు వాల్వు దగ్గర తప్ప వాడే అవకాశం రాలేదు కాబట్టి కాస్త ఉత్సాహంగానే ఉన్నాను. ఒకటి పెడితే డాక్టరుగారి యాంప్ పోతుంది. యాంప్ పోతే మామగారి మాట పోతుంది. పెట్టకపోతే మామగారు తలుపు బార్లా వదిలేస్తారు. ఇన్ని ఓమ్‌ల మధ్య నాకు ఒకే ఒక్క దారి తోచింది.

"ఏమండీ, స్క్రూలు విప్పండి. అవే స్క్రూలు మళ్ళీ బిగించండి. మిగతాది నేను చూసుకుంటాను."

ఆయన కిందికి వెళ్ళి డిక్కీలో తల దూర్చి బోలెడంత చప్పుడు చేశారు. పెట్టె జరిపారు, వైర్లు లాగారు, వాటినే మళ్ళీ అక్కడే పెట్టారు. చెమట మాత్రం నిజంగానే పట్టింది. నేను టీ గ్లాసుతో దిగి, మామగారి చెవికి దగ్గరగా వంగి, "మావయ్యగారూ, మీరు చెప్పినట్టే నాలుగూ కలిపేశారు. ఒకసారి వినండి" అన్నాను. నా గొంతు వణకలేదు. అలవాటు పడిన పని.

ఆయన కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. పాట మొదలైంది. పైన నా గ్లాసుల కబుర్లు కిందికి వినపడేంత గట్టిగా ఏమీ లేదు, ఇందాక ఎంతుందో అంతే ఉంది. కానీ మామగారి ముఖంలో ముందు నుదురు విచ్చుకుంది, తర్వాత పెదవులు. చూపుడువేలు స్టీరింగు మీద తాళం వేసింది.

"అదీ," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడు నేల మీద నిలబడింది."

దిగి తలుపు ఎంత మెల్లగా వేశారంటే, నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టి గది తలుపు వేసినట్టు.

నేను మా ఆయన వైపు చూశాను, నవ్వుకుందామని. ఆయన నవ్వడం లేదు. చూస్తూ చూస్తూ నా నవ్వూ ఎక్కడికో పోయింది. అప్పటిదాకా మామగారికి కొన్ని శబ్దాలు వినపడవని మాత్రమే మాకు తెలుసు. లేనివి వినపడతాయని తెలియదు. పోనీ ఆయన అబద్ధమాడారా అంటే, లేదు. ఆ ముఖం అబద్ధం చెప్పే ముఖం కాదు. వైరు అంగుళం కదలకపోయినా ఆయన లోపల ఏదో నిజంగానే కదిలింది. దాన్ని కదిపింది నా నోటిమాట.

ఆ సాయంత్రం రోడ్డు టెస్టులో మా ఆయన ట్రెబుల్ తగ్గించారు. డాక్టరుగారు సంతోషంగా వెళ్ళిపోయారు. మేమిద్దరం ఆ విషయం మళ్ళీ ఎత్తుకోలేదు.

అక్కడితో ముగిసేదే. కానీ డాక్టరుగారు మర్యాదస్తుడని చెప్పాను కదా. మర్యాదస్తులతో వచ్చిన చిక్కే అది, బాగుందని చెప్పడానికి కూడా వస్తారు. ఓ మధ్యాహ్నం ఎక్కడో ఊరవతల బంధువులింటి నుంచి నేరుగా దుకాణానికి వచ్చి, దారి పొడుగునా పాటలు హోరెత్తించుకుంటూ వచ్చానని, పెద్దాయన చెయ్యి పడ్డాక కారు కారులా లేదని పొగిడారు. నేను అప్పుడు మెట్ల మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. మామగారు సంతోషంగా లేచి డిక్కీ తెరిపించారు. పొగడ్తకి బదులుగా పనిమంతుడు చేసే పని అదొక్కటే, తన పనిని మరోసారి తడిమి చూసుకోవడం.

అరచెయ్యి తీసుకెళ్ళి యాంప్ మీద ఆనించారు. జ్వరం చూసే చెయ్యిలా.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. డాక్టరుగారు ఇంకా ఏదో చెబుతున్నారు. మామగారు వినడం లేదు. ఒక ఓమ్ మీద, అంతసేపు, అంత హోరుతో పనిచేసిన యాంప్ చెయ్యి పెట్టనివ్వకూడదు. ఇది గోరువెచ్చగా ఉంది. పొద్దున కాచి దించిన పాలలా ఉంది.

మీటరు తెమ్మన్నారు. మా ఆయన తేవడానికి ఎంత ఆలస్యం చెయ్యగలరో అంత చేశారు. మామగారు యాంప్ ఆపించి, పెట్టెల నుంచి వచ్చే వైరు ఊడదీయించి, ముందు మీటరు రెండు కొసలూ ఒకదానికొకటి తాకించి చూశారు, మీటరులోనే తప్పుందేమోనని. అది సున్నా చూపించింది. తర్వాత వైరుకి పెట్టారు. నాలుగు కాయిళ్ళూ కలిసి ఉంటే ఒకటికి లోపు చూపించాలి. మూడున్నర దాటి నిలబడింది. నాలుగు ఓమ్‌ల కట్టుకి మీటరు చూపించేది సరిగ్గా అంతే.

ఆయన ఆ అంకె వైపు చూస్తూండిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత మీటరు మా ఆయన చేతికిచ్చి, వైరు బిగించమని సైగ చేసి, పైకి వచ్చేశారు. మెట్ల మీద నా పక్కనుంచే వెళ్ళారు. బట్టల మూట వెనక నన్ను నేను దాచుకోబోయాను గానీ, ఆయన నా వైపు చూడనేలేదు.

మర్నాడు ఆయన కిందికి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే వచ్చారు, పెట్టింది తిన్నారు, కోపం చూపించలేదు. కోపం చూపిస్తే ఎంతో బాగుండేది. కింద పని అయిపోయిన కార్లు అలాగే నిలబడిపోయాయి. ఆయన వినకుండా బయటికి పంపడం మా ఆయన వల్ల కాలేదు. ఒకాయన షట్టరు దగ్గర నిలబడి, పాటలు పెట్టించుకోవడానికి ఇచ్చాను గానీ పెంచుకోమని ఇవ్వలేదని గొణుక్కుంటూ వెళ్ళారు.

మా ఆయన మళ్ళీ గుమ్మం దగ్గరకొచ్చారు. డాక్టరుగారి దగ్గర ఎవరో మెకానిక్కు వైర్లు మార్చాడని నాన్నతో చెబితే ఎలా ఉంటుందని అడిగారు. ఆ సరుకు మా ఇంట్లో అయిపోయిందన్నాను. మీ తండ్రీకొడుకుల మధ్య నన్ను వైరులా వాడుకున్నది చాలు, ఏమైనా ఉంటే మీరే వెళ్ళి కూర్చోండన్నాను. ఆయన తండ్రి గది దాకా వెళ్ళారు. ఫ్యాను తుడవాలన్నట్టు కాసేపు పైకి చూశారు. వచ్చేశారు.

ఆ మధ్యాహ్నమే, మా ఆయన భోంచేసి నడుం వాల్చాక, మామగారు నన్ను పిలిచారు. "అమ్మాయీ, తీరికేనా? కిందికి ఒకసారి రా."

దుకాణం సగం షట్టరు దించి ఉంది. మా పాత కారు లోపలి మూల నిలబడి ఉంది. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నారు. అద్దాలు ఎక్కించమన్నారు. నా ఫోను కారుకి కలిపి, స్పీకర్లు పరీక్షించడానికి దుకాణంలో వాడే శబ్దం పెట్టమన్నారు. అది లావుగా హూంకారంలా మొదలై, మెల్లమెల్లగా సన్నబడుతూ, చివరికి సూదిమొనలా అయి మాయమవుతుంది.

"ఇద్దరం చెయ్యి ఎత్తుదాం," అన్నారు. "వినపడటం ఆగిపోయినవాళ్ళు దించెయ్యాలి. ఆటే అనుకో."

శబ్దం మొదలైంది. ముందు సీటు కింద పాదాలకు తగిలింది. తర్వాత కడుపులోకి, గొంతులోకి, దవడల్లోకి ఎక్కింది. ఇద్దరం ముందు అద్దంలోంచి గోడకున్న వైరు చుట్టలను చూస్తూ, తరగతిలో జవాబు తెలిసిన పిల్లల్లా చెయ్యెత్తుకుని కూర్చున్నాం. శబ్దం ఈల అయింది. ఈల తీగ అయింది. కంటికొసన ఆయన చెయ్యి మెల్లగా ఒడిలోకి దిగడం కనిపించింది.

నాకింకా వినపడుతోంది. స్పష్టంగా.

నా చెయ్యి కూడా దించెయ్యడానికి ఒక్క క్షణం చాలు. ఇద్దరం ఒకేసారి దించామంటే, ఆయన చెవి నా చెవంత బాగుందన్నమాట. రేపు ఆయన కిందికి దిగుతారు, కార్లు వెళతాయి, రోడ్డు టెస్టు మళ్ళీ మొదలవుతుంది. నా మోచెయ్యి వంగింది కూడా. కానీ మొన్న స్టీరింగు మీద తాళం వేసిన ఆ చూపుడువేలు గుర్తొచ్చింది. నేను చెప్పినదాన్ని విని పొంగిపోయిన ఆ ముఖం గుర్తొచ్చింది. చెయ్యి అలాగే ఉంచాను. జీవితంలో నేను ఎత్తిన బరువుల్లో అంత బరువైనది లేదు.

ఆయన తల తిప్పి నా చేతిని చూశారు. మీటరును చూసినట్టే చూశారు.

"ఇంకా ఉందా?"

"ఉందండి."

కాసేపాగి, "ఇప్పుడు?"

"ఉంది మావయ్యగారూ."

ఆయన ఇక అడగలేదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆయనకు నిశ్శబ్దంగా, నాకు ఇంకా సన్నగా గుచ్చుకుంటూ. చివరికి నాకూ ఆగిపోయింది. దించాను. అయిపోయిందనుకున్నాను గానీ, ఫోను తెర మీద శబ్దం సన్నదనం చూపించే గీత ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది.

ఆయన ఆ గీత చూసి, చిన్నగా నవ్వారు. "నీకూ వయసొస్తోందమ్మా."

అప్పుడు అడగవలసినవన్నీ అడిగారు. కొడుకు ఎప్పట్నుంచి వెనకాల బుడిపెలు తిప్పుతున్నాడని అడిగారు. చెప్పాను. ఎన్ని కార్లు తిరిగొచ్చాయని అడిగారు. లెక్క పెట్టలేదన్నాను, అది నిజమే. ఆ రోడ్డు టెస్టు ఆలోచన ఎవరిదన్నారు. రోడ్డు ఆయనది, టెస్టు నాది అన్నాను. డాక్టరుగారి డిక్కీలో ఆ రోజు వాడు ఏం చేశాడన్నారు. విప్పిన స్క్రూలే బిగించారన్నాను. ఆ చెమట నిజమేనని కూడా చెప్పాను. ఎందుకో అది చెప్పాలనిపించింది.

అన్నీ విన్నాక ఆయన, చాన్నాళ్ళుగా లోపలెక్కడో అనుమానంగానే ఉందన్నారు. కొంతకాలంగా ఈ ఇంట్లో తాళాలు చప్పుడు చెయ్యడం మానేశాయి, పిట్టలు వీధి మారిపోయాయి, మనుషులంతా నోట్లో మాట్లాడటం నేర్చుకున్నారు అనుకుంటూ వచ్చారట. లోకమంతా కలిసి గొంతు తగ్గించుకుందనుకోవడం, తన చెవి తగ్గిందనుకోవడం కంటే తేలికగా ఉండేదన్నారు. నేను అనగలిగినవన్నీ ఓదార్పులే, అవి ఇంకో రకం రోడ్డు టెస్టు.

"వాణ్ణి లేపుకురా," అన్నారు.

మా ఆయన నిద్రకళ్ళతో దిగివచ్చి, మమ్మల్నిద్దర్నీ ఒకే కారులో చూసి, తన వంతు వచ్చిందని గ్రహించి, బల్ల పక్కన నిలబడ్డారు. మామగారు కారు దిగి ఆయనకెదురుగా వచ్చి నిలబడ్డారు. ముందు పని సంగతులే మాట్లాడారు. నిలిచిపోయిన కార్లు ఇవాళే పంపించమన్నారు. విని సరిచూడటం ఇకమీదట కొడుకు పని. యాంప్ కాగుతోందా, మీటరు ఏం చెబుతోంది, వైరు ఎక్కడ వదులైంది, అవి తను చూస్తానన్నారు. తాకి తెలుసుకునే చెయ్యీ, చూసే కన్నూ ఇంకా బాగానే ఉన్నాయన్నారు. చెవికి పెట్టుకునే మిషను సంగతి కనుక్కోమని నాకు చెప్పారు. పళ్ళ డాక్టరుకి చెవుల డాక్టరు తెలియకపోడు కదా అన్నారు.

మా ఆయన తల వంచుకుని, "అదేం లేదు నాన్నా, మీ చెవికి ఏమీ..." అని మొదలుపెట్టారు.

మామగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగరా. ఒక్కసారి నన్ను చెప్పనీ. మళ్ళీ చెప్పగలనో లేదో." గొంతు సవరించుకున్నారు. "లేబులు చూడకుండా ఒక ఓమ్‌కి కట్టమన్నాను. అది తప్పు. నువ్వు కట్టలేదు, యాంప్‌ని బతికించావు. నా వెనకాల బుడిపెలు తిప్పావు, అది నీ తప్పు, దాని సంగతి తర్వాత. కానీ అసలుది అది కాదు." ఆయన నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ కొడుకు వైపు తిరిగారు. "వైరు కదల్లేదు. అయినా నేను కూర్చుని, విని, మారిందన్నాను. బాగుందన్నాను. చెవి పోవడం ఎవరి తప్పూ కాదురా, వయసది. వినపడనిదాన్ని వినపడిందన్నాను చూడు, అది తప్పు. అది నాది."